దిండు మీద దరువు

కండక్టరమ్మ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ గొంతు లేస్తే బస్సు బస్సంతా సర్దుకునేది. "ముందుకు జరగండి! తలుపు దగ్గర ఏం పని మీకు? లోపలంతా ఖాళీయే!" అని ఒక్క కేక వేస్తే, కిటికీ పక్కన కునుకు తీస్తున్న పెద్దమనిషి కూడా ఉలిక్కిపడి ముందుకు జరిగేవాడు. తాడు లాగి రెండుసార్లు గంట కొట్టి "రైట్, రైట్!" అందంటే, ఆ మాట డ్రైవరుకే కాదు, వెనకొచ్చే బస్సు డ్రైవరుకి కూడా వినపడేదని చెప్పుకునేవారు. అలాంటి మనిషి రిటైరయ్యాక గుసగుసల్లోకి దిగిందంటే తెలిసినవాళ్ళెవరూ నమ్మరు. ఇంట్లో కాదులెండి. ఇంట్లో మాట్లాడటానికి ఆవిడకి గోడలు తప్ప ఎవరూ లేరు. గుసగుసలన్నీ పిల్లల క్లబ్బులోనే.

ఆ క్లబ్బు మునిసిపాలిటీవారి పాత మేడమీద ఒక పొడుగాటి గదిలో నడిచేది. కింద పెద్దవీధి వైపు కోట్లు కుట్టే దుకాణం, పైన ఈ గది. గదికి మెట్లు వెనక సందులోంచి. నేల చెక్కది. బడి వదలగానే పాతిక మందికి పైగా పిల్లలు అక్కడికి చేరేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు మిల్లులోనో, ఆసుపత్రిలోనో, దుకాణాల్లోనో చీకటిపడేదాకా పనిలో ఉంటారు. ఇళ్ళకేమో తాళాలు.

అసలు ఆ తాళాలే క్లబ్బుకి మూలం. కండక్టరమ్మ రిటైరైన కొత్తలో సాయంత్రాలు తోచక వీధుల వెంట తిరుగుతుంటే, ఒక ఇంటి గుమ్మం మీద ఎనిమిదేళ్ళ పిల్ల కనిపించింది. తల్లి ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. పిల్ల పుస్తకాల సంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు పుల్లలతో దానిమీద టకటకా వాయిస్తోంది.

"ఏమిటే ఆ మోత?" అంది కండక్టరమ్మ.

"భయం వెయ్యకుండా," అంది పిల్ల, వాయించడం ఆపకుండానే.

ఆ మాట కండక్టరమ్మని నిద్రపోనివ్వలేదు. మర్నాడే ఊరి మీద పడి, కనపడినవాళ్ళందరినీ అడిగి, లైబ్రరీ వెనక గది సంపాదించింది. పిల్లల గోల భరించలేకపోతున్నామని చదువరులు బల్లలు గుద్ది, నెల తిరక్కుండానే వాళ్ళని వెళ్ళగొట్టారు. అప్పుడు మునిసిపల్ ఆఫీసరు ఒకాయన జాలిపడి నోటిమాట మీద ఈ మేడగది తాళంచెవి ఇచ్చాడు. ఆ తర్వాత ఆయనకి బదిలీ అయింది.

మొదటి వారం ఆ గదిలో సందడి ఇంతా అంతా కాదు. చెక్కనేల మీద గెంతులు, పాటలు, పోట్లాటలు, రాజీలు, మళ్ళీ పోట్లాటలు. వారం తిరిగాక ఒక సాయంత్రం, అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో, నేల కిందనుంచి వినపడింది. ఠక్, ఠక్. కర్రతో కప్పుని పొడుస్తున్న చప్పుడు.

లైబ్రరీవాళ్ళు బల్లలు గుద్దింది కండక్టరమ్మకి ఇంకా చెవుల్లోనే ఉంది. ఈ గది కూడా పోతే అడగడానికి ఊళ్ళో ఇంకో గుమ్మం లేదు. ఆవిడ వేలు దానంతట అదే పెదవుల మీదికి వెళ్ళింది. పిల్లలందరూ ఒక్కసారి గప్‌చుప్ అయిపోయారు. ఆ వేలు మూడేళ్ళపాటు అక్కణ్ణించి దిగలేదు.

మూడేళ్ళలో ఆ పిల్లలు మౌనంలో ఆరితేరారు. మెట్లెక్కేటప్పుడే చెప్పులు చేత పట్టుకునేవారు. గదంతా పాత కంబళ్ళు పరిచారు. టేబుల్ టెన్నిస్ బంతి చప్పుడవుతుందని ఊలుతో బంతి చుట్టారు. అది బల్ల మీద పడితే ఎగరదు కాబట్టి, పడకుండా గాల్లోనే కొట్టుకోవాలని కొత్త ఆట పెట్టారు. గెలిచినవాళ్ళకి చప్పట్లుండవు. అందరూ చేతులు పైకెత్తి వేళ్ళు ఆడించాలి, అంతే. నవ్వొస్తే మోచేతి మడతలో ముఖం దాచుకోవాలి. తుమ్మొస్తే ముక్కు పట్టుకుని కిటికీ దాకా పరిగెత్తి, తల సందులోకి పెట్టి తుమ్మాలి. అలా పరిగెత్తేవాణ్ణి చూసి మిగతా అందరూ మోచేతుల్లో పడి కిసకిసమనేవాళ్ళు. ఇంత చేసినా రోజూ సాయంత్రం ఒకసారో రెండుసార్లో ఆ ఠక్, ఠక్ వినపడేది. వినపడగానే ఎవరెక్కడున్నవాళ్ళు అక్కడ కొయ్యబొమ్మలయ్యేవాళ్ళు.

డ్రమ్ముల సంగతి మరీ విచిత్రం. ఫైర్ స్టేషన్ బ్యాండులో డ్రమ్ము వాయించి రిటైరైన పెద్దాయన తన డ్రమ్ములు మూడు క్లబ్బుకిచ్చి, వారానికోసారి వచ్చి నేర్పుతానన్నాడు. వచ్చాక ఇక్కడి పద్ధతి చూసి తల పట్టుకున్నాడు. చివరికి డ్రమ్ములని దుప్పటి కప్పి మూల పెట్టి, పాఠం దిండ్ల మీద చెప్పాడు. అందరికంటే బాగా పట్టుకున్నది గుమ్మం మీది పిల్లే. దిండుని వదలదు కాబట్టి అందరూ ఆ పిల్లని దూది అనేవాళ్ళు. పెద్దాయన వేరే ఊరు వెళ్ళిపోయాక కూడా దూది రోజూ దిండు ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, మణికట్లు నొప్పి పుట్టేదాకా వాయించేది. ఆ వాయింపు ఎలా ఉంటుందో లోకంలో ఎవరికీ తెలియదు. దూదికీ తెలియదు.

కింద కోట్లు కుట్టే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు కింది మామ్మ. ఆవిడ ముఖం సరిగా చూసిన పిల్ల ఒక్కతీ లేదు గానీ, ఆవిడకి కోరలున్నాయని మాత్రం అందరికీ తెలుసు. కండక్టరమ్మ కూడా, చెప్పుకోడానికి సిగ్గుపడాలి, ఆ దుకాణం దగ్గరికొచ్చేసరికి వీధి దాటి అవతలి పక్కన నడిచేది. బస్సులో తాగుబోతుల్ని కాలరు పట్టుకుని దింపిన మనిషి, ఒక దర్జీ కిటికీకి జడిసింది.

అలా మూడేళ్ళు గడిచాక ఒక వారం మొదట్లో గది తలుపు మీద కాగితం అంటించి ఉంది. కింది అద్దెదారు ఫిర్యాదు మేరకు, వాడుకలో లేని ఈ గదిని శుక్రవారం సాయంత్రం తనిఖీ చేసి, కార్యాలయం పాత ఫైళ్ళ కోసం స్వాధీనం చేసుకోబోతున్నారని దాని సారాంశం. కండక్టరమ్మ కంటికి "ఫిర్యాదు" అన్న మాట తప్ప ఇంకేదీ ఆనలేదు. ఆఫీసుకి పరిగెత్తింది. కొత్త ఆఫీసరు ఊళ్ళో లేడు. "శుక్రవారం సారే వస్తారుగా, అప్పుడు చెప్పుకోండి," అని గుమాస్తా తలెత్తకుండానే అన్నాడు.

పిల్లలకి చెప్పక తప్పలేదు. ఎవరూ ఏడవలేదు. చప్పుడవకుండా ఏడవడం కూడా వాళ్ళకి వచ్చని కండక్టరమ్మ తర్వాత గమనించింది. దూది దగ్గరికొచ్చి చెవిలో అడిగింది.

"మరి నేను మళ్ళీ గుమ్మం మీద కూర్చోవాలా, అమ్మమ్మా?"

కండక్టరమ్మ పిల్ల తలని తన భుజానికి ఆనించుకుంది.

గురువారం సాయంత్రం, పిల్లలు ఎవరి ఆటలో వాళ్ళుండగా, ఆవిడ ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని మెట్లు దిగి, సందు చుట్టి వెళ్ళి కోట్ల దుకాణం తలుపు తోసింది.

లోపల ఎటు చూసినా కోట్లే. కుట్టినవి, కుట్టాల్సినవి, చేతులు లేనివి, కాలర్లు లేనివి. పైకప్పు దూలాలకి వరసగా కొక్కేలు, వాటికి వేలాడుతున్న పూర్తయిన కోట్లు. వాటి కింద కుట్టుమిషను ముందు చిన్న ముసలావిడ, దళసరి కళ్ళద్దాలు, పెదవుల మధ్య నాలుగైదు గుండుసూదులు. కోరల్లేవు.

"ఎవరూ? కొలతలకా?" అంది, సూదులు జారకుండా.

"కాదండీ, అక్కగారూ. నేను పైనుంచి వచ్చాను."

"పైనుంచా?" ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, నన్నప్పుడే తీసుకెళ్ళడానికి వచ్చావా అన్నట్టు చూసింది.

కండక్టరమ్మ ఇంక ఆగలేదు. దారంతా వల్లెవేసుకున్నదంతా గుసగుసగా, ఒక్క గుక్కలో కక్కేసింది. "తప్పంతా మాదేనండీ. పిల్లలు కదా, ఎంత చెప్పినా కాస్త అలికిడవుతుంది. రేపట్నుంచి అసలు నడవనివ్వను. కూర్చోబెట్టేస్తా. ఆ ఫిర్యాదొక్కటి వెనక్కి తీసుకోండి, మీకు పుణ్యముంటుంది."

"ఏ పిల్లలు?" అంది కింది మామ్మ.

"పైన పిల్లలండీ."

"పైన పిల్లలెక్కడున్నారమ్మా? ఎలుకలు తప్ప!"

"ఎలుకలా?"

"మరి కాదూ! సాయంత్రమయ్యేసరికి మొదలు. సరసరా, సరసరా. ఒకటా రెండా, దండు! ఒక్కోసారి అన్నీ కలిసి కిసకిసమంటాయి కూడాను. కోట్లు కొరికేస్తే నా గతేంటి? అందుకే మునిసిపాలిటీకి చెప్పా. ఖాళీగదిలో ఎలుకలు కాపురం పెట్టాయి, కాస్త చూడండి బాబూ అని."

కండక్టరమ్మ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. "మరి మీరు రోజూ కర్రతో కప్పు పొడుస్తారుగా? నోరు మూసుకోమని?"

"నేనా? ఎవర్ని?" ముసలావిడ సూదులన్నీ తీసి మిషను పక్కనున్న సూదుల దిండులో గుచ్చింది. ఒక్క నిమిషం ఆలోచించింది. అప్పుడు మెల్లగా లేచి, బల్ల మీద పూర్తయి ఉన్న కోటు తీసుకుని, మూల నిలబెట్టిన పొడుగాటి కర్ర కొసకి తగిలించి, పైకెత్తింది. కొక్కేనికి కోటు తగిలేటప్పుడు కర్ర కొస కప్పుకి కొట్టుకుంది. ఠక్. కర్రని వదిలించి లాగేటప్పుడు ఇంకోసారి. ఠక్.

"ఇదా?" అంది.

పైన అప్పటిదాకా వినపడుతున్న సరసర టక్కున ఆగిపోయింది.

కండక్టరమ్మ తలెత్తి కప్పు వైపు చూసింది. మూడేళ్ళలో ఆ గది కింద నిలబడటం ఆవిడకి అదే మొదటిసారి. పైన పాతిక మందికి పైగా పిల్లలున్నారు. ఎవరు ఏ మూల ఏం ఆడుతున్నారో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కానీ ఒక్క పిల్ల గొంతు వినపడలేదు. ఒక్క అడుగు, ఒక్క దగ్గు వినపడలేదు. బతికున్న పిల్లలున్న ఇల్లు అలా ఉండదు. భయం వెయ్యకుండా మోత చేసుకునే పిల్లని తీసుకొచ్చి, తన భయం కొద్దీ నోరు నొక్కేశానని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"మొదట్లో ఓ వారం పాటు గోలగోలగా ఉండేది," అంటోంది కింది మామ్మ. "హమ్మయ్య, పైన మనుషులొచ్చారు, ఇంక పొద్దుపోతుందిలే అనుకున్నా. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఖాళీ చేసి పోయారు కాబోలనుకుని, చెప్పొద్దూ, దిగులేసింది కూడా... ఏంటమ్మాయ్, ఏడుస్తున్నావా?"

అరవై దాటిన కండక్టరమ్మని అమ్మాయ్ అని పిలిచేవాళ్ళు పోయి చాలా కాలమైంది. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది. కింది మామ్మ ఒక కోటు లైనింగు ముక్క అందించింది, ముక్కు తుడుచుకోమని.

కాస్త తేరుకున్నాక కండక్టరమ్మ అంది, "రేపు ఆఫీసరుగారొచ్చినప్పుడు మీరే చెప్పండి, అక్కగారూ."

"చెబుతాలే. కానీ మొన్న ఎలుకలన్న ముసల్ది ఇవాళ పిల్లలంటే నమ్ముతాడా? దీనికి చత్వారం చెవులక్కూడా వచ్చిందనుకుంటాడు. అతన్నే విననీ. అతను పైకెక్కాక నేను కోటు తగిలిస్తా. కర్ర చప్పుడు వినపడగానే మీ ఎలుకలన్నిటినీ వదులు."

శుక్రవారం బడి వదలగానే కండక్టరమ్మ పిల్లల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పింది. కర్ర సంగతి చెబితే మోచేతుల్లో పడి పొర్లారు. "ఇవాళ మీ ఇష్టం. ఇల్లు పీకి పందిరెయ్యండి," అంది. పిల్లలందరూ ఉత్సాహంగా చేతులెత్తి వేళ్ళు ఆడించారు. అది చూసి ఆవిడకి కాస్త అనుమానం వచ్చింది గానీ, అప్పటికే మెట్ల మీద బూట్ల చప్పుడు.

ఆఫీసరు కుర్రాడే. నున్నగా దువ్విన జుట్టు, ముక్కుకి రుమాలు. వెనక ఒక నౌకరు, ఒక చేతిలో కొత్త తాళం, ఇంకో చేతిలో ఎలుకల బోను. గుమ్మంలో ఆగి కంబళ్ళ మీద కూర్చున్న పిల్లల్ని చూసి ఆఫీసరు రుమాలు తీశాడు.

"వీళ్ళెవరు?"

"క్లబ్బు పిల్లలండీ. మూడేళ్ళుగా రోజూ వస్తున్నారు."

"మూడేళ్ళుగానా? కిందావిడ పైన నరసంచారం లేదని చెప్పారే. చూడండమ్మా, నేనొస్తున్నానని పిల్లల్ని పోగేసి కూర్చోబెట్టినట్టున్నారు. ఇంతమంది రోజూ ఇక్కడుంటే ఆవిడకి వినపడదా?"

న్యాయమైన ప్రశ్నే. కండక్టరమ్మ పిల్లల వైపు తిరిగింది. "ఆడండర్రా!"

పిల్లలు లేచారు. పిల్లి అడుగులతో లేచారు. ఊలు బంతి గాల్లో అటూ ఇటూ తిరిగింది. ఒకడు గెలిచాడు, అందరూ వేళ్ళు ఆడించారు. ఒకడికి నవ్వొచ్చి మోచేతిలో తల దాచుకున్నాడు. ఇంకొకడు అరుద్దామని నోరు బార్లా తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆఫీసరు వింతగా చూశాడు.

"ఇదేమన్నా ధ్యానకేంద్రమా?"

"అరవండర్రా, గట్టిగా!" అంది కండక్టరమ్మ. అన్నానే అనుకుంది. తీరా ఆ మాట కూడా గుసగుసగానే వచ్చింది. మూడేళ్ళుగా మూలపడ్డ గొంతు, అవసరానికి అందలేదు.

సరిగ్గా అప్పుడే కిందనుంచి, మాటిచ్చిన ప్రకారం, ఠక్, ఠక్.

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. కారణమంతా తెలిసీ, ఇంతకుముందే దానికి పడీపడీ నవ్వుకుని కూడా. ఒళ్ళు నేర్చుకున్నది అంత తొందరగా మరిచిపోదు.

"అదిగో, చూశారా," అన్నాడు ఆఫీసరు, కాస్త జాలిగానే. "కర్రతో అదిలిస్తున్నారు. పాపం, ఆవిడకి ఎలుకల బాధ నిజమే." నౌకరు బోను కింద పెట్టి, తాళం చేతిలోకి తీసుకుని, తలుపు గొళ్ళెం ఆడించి చూశాడు.

కండక్టరమ్మ చూపు దూది మీద పడింది. పిల్ల దిండు ముందు కూర్చుని ఉంది. రెండు పుల్లలూ గాల్లో ఆగిపోయి ఉన్నాయి. కళ్ళు ఆవిడ వేలి మీదే ఉన్నాయి. అప్పుడు చూసుకుంది కండక్టరమ్మ. తన వేలు పెదవుల మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు.

ఆ వేలిని పక్కకి లాగేసింది. మూలకి వెళ్ళి డ్రమ్ముల మీది దుప్పటి పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. పెద్ద డ్రమ్ము తెచ్చి దూది ముందు పెట్టింది. రెండుసార్లు కొడితే ఆగమనా? జీవితమంతా రెండు కొట్టి బస్సు కదిలించిన మనిషికి ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో! ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"రైట్! రైట్!"

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. ఆఫీసరు రెండడుగులు ముందుకు జరిగాడు, ఎందుకు జరిగాడో అతనికే తెలియదు. దూది కళ్ళు గట్టిగా మూసుకుని పుల్లలు దించింది.

ధన్!

ఆ చప్పుడుకి దూదే ఉలిక్కిపడింది. తన చేతుల వైపు చూసుకుంది, ఇవి నావేనా అన్నట్టు. ఇంకోసారి కొట్టింది. మరోసారి. ఆ తర్వాత ఇంక ఆగలేదు. మూడేళ్ళుగా దిండు మింగేసిన దరువంతా ఒక్కసారి బయటికొచ్చి గది నిండిపోయింది. ఎక్కడా తడబాటు లేదు. గుమ్మం మీద పుస్తకాల సంచీ మీద వాయించినప్పటి ఆ టకటక కూడా అందులో ఉంది, పెద్దదై, ధీమాగా. దూది వాయిస్తూనే నవ్వుతోంది. మోచెయ్యి అడ్డం పెట్టుకోవడానికి చేతులు ఖాళీగా లేవు.

నోరు తెరిచి నిలబడ్డవాడికి కేక అప్పుడొచ్చింది. వాడి వెనక ఇంకొకడికి. ఇంకొకతె కంబళి తీసి అవతల పారేసి చెక్కనేల మీద గెంతింది. ఇద్దరు మిగతా డ్రమ్ముల మీద పడ్డారు. తుమ్మొచ్చినవాడు గది మధ్యలో నిలబడి, ఆఫీసరు ఎదురుగా, హాయిగా తుమ్మాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు, ఇంకెవరో వేరే పాట ఎత్తుకున్నారు, రెండూ కలిసి పోట్లాడుకున్నాయి. నౌకరు తాళం జేబులో వేసుకుని కాలితో తాళం వేస్తున్నాడు.

ఆఫీసరు కండక్టరమ్మ దగ్గరికొచ్చి ఏదో అన్నాడు. పెదవులు కదలడమే కనపడింది.

"గట్టిగా చెప్పండి సార్!" అని ఆవిడ తన బస్సు గొంతుతో కేక పెట్టింది. "వెనకవాళ్ళకి వినపడట్లేదు!"

నున్నటి జుట్టు చెదిరిపోయేలా మెడ ఎత్తి, ఆఫీసరు గొంతు చించుకుని అరిచాడు. "ఫైళ్ళు ఇంకో చోట పెట్టుకుంటామండీ! గది పిల్లలదే! రేపు నేనే రాసిస్తా!"

ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. కింద కూడా వినపడి ఉండాలి. ఆ వెంటనే నేల కిందనుంచి ఠక్, ఠక్ మని కర్ర చప్పుడొచ్చింది.

ఈసారి ఎవరూ ఆగలేదు.